కంప్యూటర్ మొరాయిస్తే... లోపం యంత్రంలోనా? డ్రైవర్‌లోనా?

ఫార్మాట్ చేయించే ముందు, మదర్‌బోర్డు మార్పించే ముందు పరీక్షించవలసినవి

దరఖాస్తు గడువు ముగిసే రోజు సాయంత్రమే కంప్యూటర్ నిలిచిపోవడం మండల కేంద్రాల్లోని నెట్ సెంటర్లలో తరచూ కనిపించే దృశ్యం. ఈఏపీసెట్ దరఖాస్తుకు వచ్చిన విద్యార్థులు, ఆదాయ ధ్రువపత్రం కోసం వచ్చిన రైతులు వరండాలో నిరీక్షిస్తుంటారు. నిర్వాహకుడు మీట నొక్కుతూనే ఉంటాడు. పట్టణం నుంచి మెకానిక్ రావడానికి ఒక పూట పడుతుంది. వచ్చిన తరువాత వినిపించే మాటలు సాధారణంగా రెండే. ఒకటి 'మదర్‌బోర్డు పోయింది', రెండోది 'ఫార్మాట్ కొట్టాలి'. మొదటి మాటకు వేల రూపాయలు వదులుతాయి. రెండో మాటకు ఖర్చు తక్కువే అయినా, ఏళ్ల తరబడి దాచుకున్న ఫైళ్లు, పెళ్లి ఫొటోలు, ఖాతా లెక్కలు ఒక్క గంటలో తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉంది.

నిజానికి ఈ రెండూ అవసరం లేని సందర్భాలే అధికం. కంప్యూటర్‌లో వచ్చే లోపాలు ప్రధానంగా రెండు తెగలు. యంత్ర భాగం చెడిపోవడం మొదటిది. యంత్రం చక్కగానే ఉన్నా దానిని నడిపించే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ చెడిపోవడమో, లేకపోవడమో రెండోది. లక్షణాలు చూస్తే రెండూ ఒకే తీరుగా ఉంటాయి. శబ్దం రాదు, ప్రింటర్ కదలదు, తెర నీలంగా మారి ఆగిపోతుంది. కానీ చికిత్స మాత్రం పూర్తిగా వేరు. తేడా తెలియక డ్రైవర్ లోపానికి కొత్త కార్డు కొన్నవారూ ఉన్నారు, కాలిపోయిన పోర్టు కోసం నాలుగుసార్లు ఫార్మాట్ చేయించినవారూ ఉన్నారు.

దుబాసీ లేనిదే పని జరగదు

డ్రైవర్ అంటే దుబాసీ వంటిదని చెప్పుకోవచ్చు. ప్రతి ప్రింటరుకు, ప్రతి సౌండ్ చిప్‌కు, ప్రతి వేలిముద్రల యంత్రానికి దానిదైన భాష ఒకటి ఉంటుంది. ఆ భాషలన్నీ విండోస్‌కు రావు. విండోస్ ఇచ్చిన ఆజ్ఞను ఆ యంత్రానికి అర్థమయ్యేలా చెప్పి, అది ఇచ్చిన జవాబును తిరిగి విండోస్‌కు చేరవేసేదే డ్రైవర్. అయితే సాధారణ దుబాసీకి లేని అధికారం ఈ దుబాసీకి ఉంది. చాలా డ్రైవర్లు ఆపరేటింగ్ సిస్టమ్ గర్భంలో, అంటే కెర్నెల్‌లో, ఎలాంటి అడ్డూ లేకుండా నడుస్తాయి. అందుచేత వర్డ్ చెడిపోతే వర్డ్ ఒక్కటే మూతపడుతుంది. కెర్నెల్‌లోని డ్రైవర్ తప్పటడుగు వేస్తే మొత్తం యంత్రమే కుప్పకూలుతుంది.

ఇది చిన్న కంప్యూటర్లకే పరిమితమైన తిప్పలు కావు. 1998 ఏప్రిల్ 20న షికాగోలో జరిగిన ప్రదర్శనలో బిల్ గేట్స్ సమక్షంలోనే విండోస్ 98 యంత్రానికి ఒక స్కానర్‌ను తగిలించగా వేదికపైనే నీలితెర ప్రత్యక్షమైంది. 2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన పత్రం, విండోస్ ఎక్స్‌పీలో నమోదైన వైఫల్యాల్లో 85 శాతానికి డ్రైవర్లే కారణమని పేర్కొన్నది. ఇక 2024 జులై 19 సంగతి తెలుగువారికి బాగా గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన ఫైలును ఆ సంస్థ డ్రైవర్ చదవబోయి, తనది కాని మెమరీలోకి చేయి చాచడంతో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల కంప్యూటర్లు కూలినట్లు మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఒక్క యంత్ర భాగం కూడా కాలలేదు, అరగలేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైలును తొలగించగానే యంత్రాలు లేచి కూర్చున్నాయి. కాకపోతే చాలాచోట్ల ఆ పనిని ఒక్కో యంత్రం దగ్గరా మనిషి కూర్చొని చేయవలసి వచ్చింది.

ముందుగా తేల్చుకోవలసింది

లోపం ఏ తెగకు చెందిందో తేల్చడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. విండోస్ ఇంకా మొదలుకాకముందు యంత్రం ఎలా ఉందో చూస్తే చాలావరకు తేలిపోతుంది. స్విచ్ వేయగానే డిలీట్ లేదా ఎఫ్2 మీట నొక్కితే బయోస్ తెర వస్తుంది. అక్కడ విండోస్ డ్రైవర్లకు పనిలేదు. కీబోర్డు బయోస్‌లో చక్కగా పనిచేస్తూ విండోస్‌లో మొరాయిస్తే కీబోర్డు మార్చవలసిన పనిలేదని, లోపం డ్రైవర్ వైపే ఉందని భావించవచ్చు. బయోస్ తెరలోనే గీతలు, చుక్కలు కనిపిస్తే మానిటర్, కేబుల్ లేదా డిస్‌ప్లే భాగాన్ని అనుమానించాలి. డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా ఆ గీతలు పోవు.

అంతకన్నా బలమైన పరీక్ష మరొకటి ఉంది. ఉబుంటు వంటి లినక్స్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండా దాని నుంచే కంప్యూటర్‌ను నడపవచ్చు. ఇది ఉచితం. ఇన్‌స్టాల్ చేయకుండా 'ట్రై' అనే ఎంపికను ఎంచుకోవడమే ఇక్కడ కీలకం. విండోస్‌లో మూగబోయిన స్పీకర్ లినక్స్‌లో పలికితే, వైఫై అందుకుంటే, యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్లే. రెండింటిలోనూ పనిచేయకపోతే యంత్ర లోపమని అనుమానించడానికి గట్టి ఆధారం దొరికినట్లు. కొన్ని వైఫై చిప్‌లకు, వేలిముద్రల యంత్రాలకు లినక్స్‌లో డ్రైవర్ ఉండదు కనుక వాటి విషయంలో మాత్రం ఈ తీర్పును తుది తీర్పుగా తీసుకోరాదు. ప్రతి నెట్ సెంటర్ సొరుగులోనూ ఇలాంటి పెన్‌డ్రైవ్ ఒకటి ఉండటం, మెకానిక్ ఫోన్ నంబరు ఉండటంకన్నా మేలు.

అసలు స్విచ్చే పడకపోతే

మీట నొక్కినా ఫ్యాన్ తిరగకపోతే మదర్‌బోర్డు దాకా ఆలోచన పోనవసరం లేదు. గోడ ప్లగ్గు, యూపీఎస్, పవర్ కేబుల్, కేబినెట్ వెనుక ఉండే చిన్న స్విచ్, వీటి తరువాతే ఎస్ఎంపీఎస్ వంతు. మన గ్రామాల్లో 230 వోల్టులు ఉండవలసిన కరెంటు సాయంత్రం వేళ బాగా పడిపోవడం, మోటార్లు ఆగగానే ఒక్కసారిగా పెరగడం మామూలే. ఆ దెబ్బ ముందుగా తగిలేది ఎస్ఎంపీఎస్‌కే. దాని నుంచి 12, 5, 3.3 వోల్టుల సరఫరాలు రావాలి. మల్టీమీటర్‌తో కొలిచినప్పుడు 5 శాతానికి మించి హెచ్చుతగ్గులు ఉండరాదు. అంటే 12 వోల్టుల తీగలో 11.4కు తగ్గినా, 12.6కు మించినా అది మార్చదగిన ఎస్ఎంపీఎస్. దాని డబ్బాను మాత్రం ఇంట్లో విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

కేబినెట్‌ను తాకితే సన్నగా షాక్ కొడుతోందన్నది చాలామంది చెప్పే మాట. దీనిని ఎస్ఎంపీఎస్ లోపంగా భావించి కొత్తది కొంటుంటారు. కొత్తది కూడా కొడుతుంది. ఎందుకంటే ఎస్ఎంపీఎస్ ముందు భాగంలో విద్యుత్ రొదను వడపోసే రెండు చిన్న కెపాసిటర్లు కరెంటు తీగల నుంచి ఎర్త్ తీగకు కలిపి ఉంటాయి. భవనంలో ఎర్తింగ్ లేకపోతే ఆ స్వల్ప విద్యుత్తుకు పోయే దారి లేక కేబినెట్ రేకు మీద సరఫరాలో దాదాపు సగం వోల్టేజీ తేలుతుంది. ప్రవహించే కరెంటు అత్యల్పం కనుక మనిషికి చిమచిమ మాత్రమే. ప్రింటర్ కేబుల్‌ను, హెచ్‌డీఎంఐ కేబుల్‌ను కరెంటు ఉండగా తగిలించినప్పుడు మాత్రం ఆ తేడా పోర్టు గుండా పోయి సున్నితమైన చిప్‌లను కాల్చవచ్చు. 'ఈ సిస్టమ్‌కు యూఎస్‌బీ పోర్టులు ఆగట్లేదు' అన్నచోట ముందుగా చూడవలసింది మూడో పిన్నులో ఎర్త్ ఉందా లేదా అన్నదే. బొగ్గు, ఉప్పు వేసి సరైన ఎర్త్ గుంత తీయించడం ఒక మదర్‌బోర్డు ఖరీదుతో పోలిస్తే భారమేమీ కాదు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో దూర్చే అలవాటు ఎంతమాత్రం మంచిది కాదు.

ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులతో వచ్చే ఉరుముల వానలు మరో గండం. పిడుగు ఎక్కడో పడినా రాగి తీగల వెంట వచ్చిన పోటుకు మోడెమ్‌లు, ల్యాన్ పోర్టులు కాలిపోవడం డయల్‌అప్ రోజుల నుంచీ ఉన్నదే. ఇప్పుడు ఇళ్లకు వస్తున్న ఆప్టికల్ ఫైబర్ గాజు పోగు కనుక విద్యుత్తును మోయదు. అయితే ఫైబర్ డబ్బాకు కరెంటు ఇచ్చే అడాప్టర్, అక్కడి నుంచి కంప్యూటర్‌కు వచ్చే ల్యాన్ కేబుల్ రాగితో చేసినవే. ఉరుములు మొదలవగానే ఆ రెండింటినీ ఊడదీయడమే శ్రేయస్కరం.

ఫ్యాన్ తిరుగుతుంది, తెర రాదు

ఈ లక్షణానికి మొదటి అనుమానితుడు ర్యామ్. తేమ, ధూళి వల్ల దాని బంగారు పూత పళ్లపై పొర ఏర్పడి స్పర్శ తప్పుతుంది. సముద్రతీర మండలాల్లో ఉప్పుగాలి వల్ల ఈ బెడద ఎక్కువ. ప్లగ్గు పూర్తిగా తీసి, మీటను ఒకసారి నొక్కి మిగిలిన విద్యుత్తును పోనిచ్చి, ర్యామ్‌ను బయటకు తీసి, పిల్లలు వాడే మెత్తని రబ్బరుతో పళ్లను సున్నితంగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, 'టక్' మనే వరకు తిరిగి నొక్కితే చాలా యంత్రాలు అక్కడికక్కడే లేచి కూర్చుంటాయి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కోదానిని విడిగా పెట్టి చూడాలి. పాత డెస్క్‌టాప్‌లలో చిన్న స్పీకర్ చేసే 'బీప్' శబ్దాలు కూడా రోగాన్ని చెబుతాయి. వాటి అర్థం బయోస్ తయారీదారును బట్టి మారుతుంది. అవార్డ్ బయోస్‌లో ఒక పొడవు, రెండు పొట్టి బీప్‌లు వస్తే డిస్‌ప్లే కార్డు సమస్య. ఆగకుండా పొడవుగా మోగుతుంటే ర్యామ్.

అప్పటికీ తెర రాకపోతే మెకానిక్‌లు పాటించే తగ్గింపు పద్ధతి ఉంది. బోర్డు, ప్రాసెసర్, ఒక ర్యామ్, ఎస్ఎంపీఎస్ మాత్రమే ఉంచి తక్కినవన్నీ ఊడదీసి ఆన్ చేస్తారు. తెర వస్తే ఒక్కొక్కటే తగిలిస్తూ పోతారు. ఏది తగిలించినప్పుడు ఆగిందో అదే దొంగ. ఇది చూసేవారికి తాత్సారంగా కనిపించినా, ఊహతో భాగాలు మార్చుకుంటూ పోవడంకన్నా చవక. పాత బోర్డులపై నిలువు డబ్బాల్లా ఉండే కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయేమో కూడా గమనించాలి. 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో నాసిరకం కెపాసిటర్లతో వచ్చిన బోర్డులు ప్రపంచమంతటా లెక్కకు మిక్కిలిగా చెడిపోయాయి. ఉబ్బిన వాటిని విడిగా మార్చగల పనివారు జిల్లా కేంద్రాల్లో ఇప్పటికీ ఉన్నారు. అందుకు బోర్డు మొత్తం మార్చనవసరం లేదు.

మన రెంటచింతల, రామగుండం ఎండల్లో వేడి గురించి వేరే చెప్పాలా? ఈ కెపాసిటర్ల ఆయుష్షు పది డిగ్రీలు పెరిగిన కొద్దీ సగానికి తగ్గుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో చిరకాల సూత్రం. ఫ్యాన్ రెక్కలకు దుమ్ము పట్టినా, ప్రాసెసర్‌పై పూసిన పేస్టు ఎండిపోయినా యంత్రం ముందు నెమ్మదిస్తుంది, ఆపై హఠాత్తుగా ఆగిపోతుంది. పావుగంట నడిచి ఆగి, చల్లారాక మళ్లీ నడిచే యంత్రానికి వైరస్ పట్టిందని ఫార్మాట్ చేయించడం వృథా. బ్లోయర్‌తో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. లేకపోతే అతివేగంగా తిరిగి అది చెడిపోవచ్చు. చీమలు, బల్లులు చేరి బోర్డులు కాలడం మన ప్రాంతానికే ప్రత్యేకం అనుకోనక్కర్లేదు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్-2 అనే కంప్యూటర్ రిలేలో చిక్కుకున్న చిమ్మటను సిబ్బంది తీసి లాగ్‌బుక్‌లో అతికించారు. ఆ పుట ఇప్పటికీ స్మిత్‌సోనియన్ సంస్థ భద్రపరిచిన వస్తువుల్లో ఉంది.

బిళ్లంత బ్యాటరీ, కొండంత ఇబ్బంది

'నెట్ ఉంది, కానీ ప్రభుత్వ వెబ్‌సైట్లేవీ తెరుచుకోవడం లేదు' అన్న ఫిర్యాదు విచిత్రమైనది. ఇంటర్నెట్ సంస్థకు ఫోన్ చేస్తారు, బ్రౌజర్ మారుస్తారు, చివరికి ఫార్మాట్ కూడా చేయిస్తారు. గడియారం వైపు మాత్రం చూడరు. మదర్‌బోర్డుపై సీఆర్2032 అనే మూడు వోల్టుల బిళ్ల బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు తేదీని, సమయాన్ని నిలిపి ఉంచేది అదే. అది కొన్నేళ్లకు ఖాళీ కాగానే స్విచ్ తీసి వేసిన ప్రతిసారీ తేదీ ఎన్నో సంవత్సరాలు వెనక్కి పోతుంది. సురక్షిత వెబ్‌సైట్ల ధ్రువపత్రాలకు ప్రారంభ తేదీ, గడువు తేదీ ఉంటాయి. కంప్యూటర్ దృష్టిలో అవి ఇంకా పుట్టనే లేదు కనుక బ్రౌజర్ తలుపు మూసేస్తుంది. డిజిటల్ సంతకాలు కూడా ఇదే కారణంతో చెల్లకుండా పోతాయి. బ్యాటరీ ఖరీదు కొన్ని పదుల రూపాయలు. చేతి గడియారాల దుకాణంలోనూ దొరుకుతుంది.

హార్డ్‌డిస్క్ విషయంలో తొందరపాటు తగదు

ఇతర భాగాలు పోతే డబ్బుతో తిరిగి వస్తాయి. హార్డ్‌డిస్క్ పోతే అందులోని సమాచారం రాదు. 'టిక్ టిక్' మనే శబ్దం, ఫోల్డర్ తెరవడానికి నిమిషాల ఆలస్యం, తరచూ డిస్క్ సరిచేస్తున్నట్లు సందేశం, ఇవి ప్రమాద సూచికలు. డిస్క్ తన ఆరోగ్యాన్ని 'స్మార్ట్' అనే పట్టికలో తానే నమోదు చేసుకుంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దానిని చదవవచ్చు. రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అన్న వరుసల్లో అంకెలు పెరుగుతూ పోతుంటే డిస్క్ చివరి దశకు వచ్చినట్లే. ఆ దశలో 'చెక్‌డిస్క్' నడపడం, ఫార్మాట్ చేయడం మరణశయ్యపై ఉన్నవారిని పరుగెత్తించడం వంటిది. మొదట ముఖ్యమైన ఫైళ్లను మరో డిస్క్‌కు నకలు తీయాలి. తరువాతే తక్కిన పనులు. ఎస్ఎస్‌డీలు శబ్దం చేయవు. ముందుగా చెప్పకుండానే పోయే అవకాశం వాటిలో ఎక్కువ కనుక నకలు అవసరం మరింత ఎక్కువ.

డివైస్ మేనేజర్ చెప్పే సంగతులు

యంత్రం నడుస్తూ, ఒక పరికరం మాత్రమే పనిచేయనప్పుడు చూడవలసిన చోటు డివైస్ మేనేజర్. స్టార్ట్ బటన్‌పై కుడి క్లిక్ చేస్తే కనిపిస్తుంది. పసుపు త్రికోణం ఉన్న పేరుపై రెండుసార్లు క్లిక్ చేస్తే ఒక కోడ్ సంఖ్య వస్తుంది. దానిని చదవకుండానే చాలామంది పెట్టెను మూసేస్తారు. సగం వైద్యం ఆ సంఖ్యలోనే ఉంది. కోడ్ 28 అంటే డ్రైవర్ అసలు వేయలేదని అర్థం. వేస్తే సరిపోతుంది. కోడ్ 22 అంటే ఎవరో ఆ పరికరాన్ని డిసేబుల్ చేశారు, ఎనేబుల్ చేస్తే చాలు. కోడ్ 52 వస్తే డ్రైవర్‌కు ఉండవలసిన డిజిటల్ సంతకాన్ని విండోస్ ధ్రువీకరించలేకపోయింది. పాత సీడీలోని డ్రైవర్లను కొత్త విండోస్‌లో వేసినప్పుడు ఇది వస్తుంటుంది. కోడ్ 10 అంటే పరికరం మొదలు కాలేకపోయింది. డ్రైవర్ తేడా కావచ్చు, యంత్ర లోపమూ కావచ్చు. కోడ్ 43 అంటే పరికరమే తనలో లోపం ఉందని చెప్పడంతో విండోస్ దానిని ఆపేసింది. యూఎస్‌బీ పరికరాల్లో ఇది తరచూ కేబుల్, హబ్, పోర్టు దోషం. వేరే కేబుల్‌తో, కేబినెట్ వెనుక పోర్టులో, వీలైతే వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడాలి. రెండో కంప్యూటర్‌లోనూ 43 వస్తే పరికరాన్నే మార్చవలసి ఉంటుంది.

'అన్‌నోన్ డివైస్' అని మాత్రమే ఉంటే దాని వివరాల్లో హార్డ్‌వేర్ ఐడీ అనే వరుస ఉంటుంది. అందులో తయారీదారు సంఖ్య, పరికరం సంఖ్య రాసి ఉంటాయి. 8086 అంటే ఇంటెల్, 10డీఈ అంటే ఎన్విడియా, 10ఈసీ అంటే రియల్‌టెక్. వాహనం నంబరు చూసి జిల్లా చెప్పినట్లే ఈ సంఖ్యతో పరికరం ఏదో చెప్పవచ్చు. డ్రైవర్‌ను మాత్రం కంప్యూటర్ లేదా పరికరం తయారీదారు సొంత వెబ్‌సైట్ నుంచే తీసుకోవాలి. 'మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్' అంటూ ప్రకటనల్లో కనిపించే సాఫ్ట్‌వేర్లలో అధిక భాగం డబ్బు గుంజేవో, అంతకన్నా ప్రమాదకరమైనవో. వాటి జోలికి పోకపోవడమే ఉత్తమం.

నకిలీ చిప్‌ల గొడవ మరొకటి. యంత్రాలను కంప్యూటర్‌కు కలిపే చవకరకం యూఎస్‌బీ-సీరియల్ కేబుళ్లలో పేరున్న చిప్‌కు నకళ్లు ఉంటాయి. 2014లో ఎఫ్‌టీడీఐ సంస్థ డ్రైవర్ విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చి నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చివేయడంతో అప్పటిదాకా పనిచేసిన పరికరాలు రాత్రికి రాత్రి మూగబోయాయి. కొన్నవారికి తమది నకిలీ అనే తెలియదు. విమర్శలు రావడంతో ఆ డ్రైవర్‌ను ఉపసంహరించుకున్నారు.

ప్రింటర్, వేలిముద్రల యంత్రం

జిల్లాలోని నెట్ సెంటర్లలో, డీటీపీ దుకాణాల్లో ఏళ్లు గడిచినా పనిచేస్తున్న కానన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 వంటి ప్రింటర్లు గట్టివే. కానీ వాటి స్వభావం తెలుసుకోవాలి. ధర తగ్గించడానికి వాటిలో తెలివిని తక్కువ పెట్టారు. పేజీని చుక్కలుగా మలిచే పనంతా కంప్యూటర్‌లోని డ్రైవరే చేస్తుంది. లేజర్‌జెట్ 1020 అయితే స్విచ్ వేసిన ప్రతిసారీ దాని లోపలి ప్రోగ్రామ్‌ను కూడా కంప్యూటరే అందించాలి. అందుచేత డ్రైవర్ సరిపడకపోతే ఇవి ఉత్త పెట్టెలు. ప్రింటర్ మీట నొక్కి పట్టుకుంటే పరీక్ష పేజీ వచ్చే మోడళ్లలో ముందుగా అది తీసి చూడాలి. కంప్యూటర్‌తో సంబంధం లేకుండా పేజీ వచ్చిందంటే డ్రమ్, టోనర్, ఫ్యూజర్ బాగున్నాయి. లోపం కేబుల్‌లోనో, డ్రైవర్‌లోనో, ప్రింట్ స్పూలర్‌లోనో ఉంది. స్పూలర్‌లో ఒక చెడ్డ ఫైలు ఇరుక్కుంటే వెనుక ఉన్నవన్నీ ఆగిపోతాయి. సర్వీసెస్ జాబితాలో ప్రింట్ స్పూలర్‌ను ఆపి, విండోస్‌లోని సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్‌ను ఖాళీ చేసి, మళ్లీ మొదలుపెడితే దారి తెరుచుకుంటుంది. 2021 జులైలో బయటపడిన 'ప్రింట్‌నైట్‌మేర్' భద్రతా లోపం తరువాత, అదే ఏడాది ఆగస్టు నుంచి నెట్‌వర్క్ ప్రింటర్ డ్రైవర్ వేయడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి తప్పనిసరి చేశారు. కార్యాలయాల్లో 'నిన్నటి వరకు వచ్చింది, ఇవాళ పాస్‌వర్డ్ అడుగుతోంది' అన్న ఫిర్యాదుకు మూలం అదే.

ఆధార్ వేలిముద్రల యంత్రం ఆగితే వ్యవహారం మరింత సున్నితం. వృద్ధురాలి చేతి గీతలు అరిగిపోయాయని తిప్పి పంపే ముందు యంత్రం నిజంగా చదువుతోందో లేదో చూడాలి. దీనికి రెండు అంచెలు ఉంటాయి. ఒకటి పరికరం డ్రైవర్, రెండోది ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రామ్. డివైస్ మేనేజర్‌లో పరికరం చక్కగా కనిపిస్తూ వెబ్‌సైట్‌లో మాత్రం 'డివైస్ నాట్ రెడీ' అని వస్తే డ్రైవర్ జోలికి పోక ఆర్‌డీ సర్వీస్ నడుస్తోందో లేదో చూడాలి. గాజుపై దీపం వెలిగి ఆరిపోతుంటే విద్యుత్ చాలడం లేదని అనుమానించాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్ల వరకు ఇవ్వగలవు. కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్, వేలిముద్రల యంత్రం అన్నీ ఒకే చవక హబ్‌కు తగిలిస్తే ఆ కాస్త విద్యుత్తునే అవన్నీ పంచుకోవాలి. కొంతసేపు ఖాళీగా ఉన్నాక యంత్రం నిద్రపోతుంటే, డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ పవర్ మేనేజ్‌మెంట్ పుటలో విద్యుత్ ఆదా కోసం ఆపివేసే అనుమతిని తీసేయాలి.

నీలితెరను ఫొటో తీయండి

నీలితెర రాగానే గాభరాపడి స్విచ్ తీయడం కన్నా సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోవడం మేలు. విండోస్ 11లో 2025 నుంచి ఈ తెర నలుపు రంగులో వస్తోంది. అందులో స్టాప్ కోడ్, కొన్నిసార్లు విఫలమైన ఫైలు పేరు ఉంటాయి. ప్రతిసారీ ఒకే ఫైలు పేరు వస్తుంటే ఆ డ్రైవర్‌పై దృష్టి పెట్టాలి. ప్రతిసారీ వేర్వేరు కోడ్‌లు వస్తుంటే ర్యామ్‌ను అనుమానించాలి. విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్‌తో గానీ, మెమ్‌టెస్ట్86తో గానీ రాత్రంతా పరీక్షకు పెడితే తేలిపోతుంది. అప్‌డేట్ వచ్చిన మర్నాటి నుంచే కష్టాలు మొదలైతే డివైస్ మేనేజర్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కి పాత డ్రైవర్‌కు వెళ్లవచ్చు. విండోస్‌లోకి వెళ్లగలిగిన స్థితిలో షిఫ్ట్ మీట నొక్కి రీస్టార్ట్ ఇస్తే సేఫ్ మోడ్‌కు దారి చూపుతుంది. అక్కడ కనీస డ్రైవర్లే నడుస్తాయి. సేఫ్ మోడ్‌లో గంటల తరబడి నిలకడగా నడిచే యంత్రాన్ని మదర్‌బోర్డు పోయిందని పక్కన పెట్టరాదు.

ల్యాప్‌టాప్‌లలో బయోస్ మార్పులు చేసే ముందు బిట్‌లాకర్ సంగతి చూసుకోవాలి. కొత్త యంత్రాల్లో యజమానికి తెలియకుండానే డిస్క్‌కు ఈ తాళం పడి ఉండవచ్చు. బోర్డు మారినా, బయోస్ అమరిక మారినా 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది. లేకపోతే డిస్క్ బాగున్నా ఫైళ్లు చేతికి రావు.

ఫార్మాట్ తప్పనప్పుడు

ఇన్ని చేసినా ఫార్మాట్ తప్పని రోజు వస్తే, ముందుగా ఉన్న డ్రైవర్లను దాచుకోవాలి. విండోస్‌లోని పీఎన్‌పీయుటిల్ అనే కమాండ్‌తో వేసి ఉన్న బయటి డ్రైవర్లన్నింటినీ ఒక ఫోల్డర్‌లోకి ఎగుమతి చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. లేకపోతే ఫార్మాట్ తరువాత వైఫై డ్రైవర్ ఉండదు, దానిని దింపుకోవడానికి నెట్ ఉండదు. ఆ చిక్కులో పడినవారికి చేతిలోని సెల్‌ఫోనే ఆధారం. ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి 'యూఎస్‌బీ టెథరింగ్' పెడితే విండోస్ చాలాసార్లు దానిని నేరుగా గుర్తిస్తుంది. ఆ నెట్‌తో తక్కిన డ్రైవర్లు దింపుకోవచ్చు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త విండోస్‌కు మారేవారు తమ ప్రింటర్‌కు, స్కానర్‌కు తయారీదారు కొత్త డ్రైవర్ ఇచ్చాడో లేదో ముందే చూసుకోవాలి. 32 బిట్ కాలం నాటి డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో పనిచేయదు, విండోస్ 11కు 32 బిట్ రూపమే లేదు. పాత పేజ్‌మేకర్, పాత స్కానర్ మీదే ఆధారపడిన డీటీపీ దుకాణాలవారు ఆ పాత యంత్రాన్ని నెట్‌కు కలపకుండా విడిగా ఉంచుకోవడం ఒక మార్గం. పాత స్కానర్లలో చాలావాటికి లినక్స్‌లో 'సేన్' అనే ఉచిత వ్యవస్థ ద్వారా డ్రైవర్లు ఇప్పటికీ ఉన్నాయి.

మరమ్మతుకు ఇచ్చేటప్పుడు హార్డ్‌డిస్క్ అవసరం లేని పని అయితే దానిని విప్పి ఇంట్లోనే ఉంచుకోవచ్చు. మార్చిన భాగం పేరు, సీరియల్ నంబరు బిల్లుపై రాయించుకోవాలి. తీసేసిన పాత భాగాన్ని అడిగి తెచ్చుకోవాలి. మదర్‌బోర్డు పోయిందని చెప్పినప్పుడు ఏ పరీక్షతో తేల్చారో అడగడం వినియోగదారుని హక్కు. వేరే ఎస్ఎంపీఎస్, వేరే ర్యామ్ పెట్టి చూశారా అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి మిగతా బేరం ఎలా సాగించాలో నిర్ణయించుకోవచ్చు.